కడుపు ఖాళీ కాకూడదు

బుధవారం ఉదయం ఆరు గంటలకు ఆలూరు చర్చిలో దీవెన మూడు దినాల ఉపవాసం పట్టింది. నెలన్నర కూతురు నిస్సీ బతకాలని. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని పాస్టరు దావీదురాజు ముందు మోకరించి చెప్పింది.

పక్కన బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ అత్త జీవమ్మకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. దీవెన నోరు ఊరికే ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కలుపుకు పోయినా కొంగున బొరుగులు, బెల్లం ముక్క మూటగట్టుకుని పోయేది. రెండు సాళ్ళు తీసి గట్టున కూలబడేది.

"మేకవా ఏందే నువ్వు? పొద్దస్తమానం నెమరేస్తానే ఉంటావు," అనేది జీవమ్మ.

"నోట్లో నాలుగు గింజలు పడకుంటే కాళ్ళు ఆడవత్తా."

"పని అంటే ఎవరికి ఆడతాయిలే!"

అలాంటి మనిషి ఉపవాసం పట్టింది. పట్టించింది జీవమ్మే.

కాన్పు కర్నూలులో అయింది. ఆస్పత్రిలో బిడ్డ మడమ నుంచి రక్తం తీసి పరీక్షకు పంపారు. కార్నిటైన్ అనే పదార్థం బాగా తక్కువగా ఉందని తేలింది. పిల్లల డాక్టరు జీవమ్మను, కొడుకు యేసుప్రసాద్‌ను, కోడలిని కూర్చోబెట్టి చెప్పాడు.

"గుండె కండకు విశ్రాంతి లేదు. దానికి కావలసిన శక్తి ఎక్కువగా కొవ్వు నుంచి వస్తుంది. కొవ్వును మండించే చోటికి చేర్చేది కార్నిటైన్. పుట్టుకతోనే జన్యువులో లోపం ఉంటే అది కణాల్లోకి పోదు, మూత్రంలో పోతుంది."

"మాకు తెలిసేట్టు చెప్పండి సార్," అన్నాడు యేసుప్రసాద్.

"కట్టెలు వాకిట్లో ఉన్నాయి. పొయ్యి ఇంట్లో ఉంది. కట్టె తెచ్చి పొయ్యిలో పెట్టే మనిషి లేడు."

జీవమ్మకు అర్థమైంది. "మరి పొయ్యి ఆరిపోదా సార్?"

"తిండి తిన్నంతకాలం ఆ చక్కెరతో నడిచిపోతుంది. కడుపు ఖాళీ అయితేనే ప్రమాదం. అప్పుడు ఒంట్లోని కొవ్వు వాడుకోవాలి, వాడుకోలేదు. గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. మూడు గంటలకొకసారి పాలు పట్టండి. తల్లిపాలు చాలకపోతే డబ్బా పాలు. కడుపు ఖాళీ కాకూడదు. మీది మేనరికమా?"

"కాదు సార్. బయటి సంబంధమే."

"మా అమ్మానాయినలది మేనరికం సార్," అంది దీవెన. "మా అమ్మకు సొంత మేనమామే..."

"మీ అమ్మ పెండ్లి సంగతి ఎవరడిగినారే? సార్ బిడ్డ గురించి అడుగుతాండారు!" అంది జీవమ్మ.

డాక్టరు ఏదో రాసి నర్సుకు ఇచ్చాడు. నర్సు బిడ్డ రక్తం మళ్ళీ తీసింది. దీవెనను చెయ్యి చాపమంది.

"దానిదెందుకమ్మా? అది రాతిగుండు మాదిరి ఉండాది."

"రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు," అంది నర్సు.

ఫలితం హైదరాబాదు నుంచి రావాలి. ఆలస్యమవుతుందన్నారు. జీవమ్మ ఊరికి రాగానే పాస్టరు దగ్గరికి పోయింది.

"పాలిచ్చే తల్లికి ఉపవాసం వద్దమ్మా," అన్నాడు దావీదురాజు. "నేనుంటాను. సంఘం ఉంటుంది."

"తల్లి కడుపు కాలితేనే దేవుడు దిగొస్తాడయ్యా. బిడ్డకు డబ్బా పాలు ఉండాయి."

"నా బిడ్డ కోసరం నేనే ఉంటానయ్యా," అంది దీవెన.

ఆ మూడు దినాలూ నిస్సీ బాధ్యత జీవమ్మ తీసుకుంది. సెల్లులో అలారం పెట్టుకుంది. బిడ్డ నిద్రపోతుంటే అరికాలు గిల్లి లేపి పాలు పట్టింది. పక్కింటామె ఎత్తుకుంటానని వస్తే, "పాలు తాగినాక రా పో," అని పంపేసింది.

గురువారం సాయంత్రం దీవెన పిక్కలు పట్టేశాయి. నీళ్ళ చెంబు ఎత్తలేక రెండు చేతులా పట్టుకుంది.

"అమా, దీని మొగం చూడు," అన్నాడు యేసుప్రసాద్. "ఇన్ని గంజినీళ్ళన్నా తాపుదాం."

"మొక్కుబడి సగంలో ఇడిస్తే బిడ్డకు తగులుతాదిరా. దాని ఒళ్ళు చూడు, పది దినాలున్నా తరగదు."

దీవెన కూడా గంజి వద్దంది.

శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్ళంతా చర్చికి వచ్చారు. యేసుప్రసాద్ బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. దీవెన గోడకు ఆనుకుని కూర్చుంది.

"అత్తా, గుండె యాడికో జారిపోతాండట్టుండాది."

"సాయంత్రం దాకా ఓర్చుకో. పాస్టరయ్య ఆమెన్ అంటూనే గంజి తాపుతా. ఆనెంక గంపెడు బొరుగులు తిను, ఏమీ అనను."

దీవెన నవ్వి కళ్ళు మూసుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. కర్నూలు డాక్టరు.

"బిడ్డ ఎలా ఉందమ్మా?"

"ఒక్కపూట తప్పనీలేదు సార్. మూడు గంటలకొకసారి పడతాండా."

"పరీక్షలు వచ్చాయి. బిడ్డ జన్యువుల్లో అలాంటి లోపం లేదు. గుండెకు ఏ భయమూ లేదు."

"స్తోత్రం! బిడ్డకు ఏ భయమూ లేదంట!" అని జీవమ్మ కేక పెట్టింది. ఆడవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. యేసుప్రసాద్ బిడ్డను గుండెకు హత్తుకున్నాడు. దావీదురాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"మే దీవెనా, విన్యావా? నీ ఉపవాసం దేవుడు చూసినాడే. లెయ్!"

దీవెన కళ్ళు తెరవలేదు. జీవమ్మ భుజం పట్టి ఊపింది. దీవెన తల పక్కకు వాలింది.

ఫోన్‌లో డాక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"తల్లి ఒంట్లో లేకనే బిడ్డకు తక్కువ వచ్చింది. జబ్బు మీ కోడలిదమ్మా."