ఊరికే తాగిన చిప్ప

"తంతుకైతే కావా తాగండి. కాలక్షేపానికి తాగితే మాత్రం ఇకనుంచి జరిమానా," అన్నాడు రాజధాని సువా నుంచి వచ్చిన అధికారి విలిసోనీ.

ఆ మాట చెప్పడానికి మా దీవిలో అడుగు పెట్టాలన్నా, ఆ మత్తు పానీయం చేసే కావా వేళ్ల కట్ట తెచ్చి మా ఊరి పెద్దాయన ముందు పెట్టక తప్పలేదు అతనికి. వాటినే దంచి, గుడ్డలో వేసి నీళ్లలో పిసికి, మొదటి కొబ్బరి చిప్ప ఆ అధికారికే ఇచ్చాం.

నా భయం మాత్రం వేరే. భార్యను సముద్రం తీసుకుపోయాక నా తమ్ముడు తెవిత నోరు విప్పేది సాయంత్రాలు ఈ కావా గిన్నె దగ్గరే. ఇదీ పోతే వాడు మళ్లీ మూగవాడైపోతాడు.

"రోజూ ఇక్కడ ఏం తంతు జరుగుతుందమ్మా?" అన్నాడు అధికారి.

"నిన్న మా పంది ఈనింది బాబూ. ఇవాళ పిల్లలకు పేర్లు పెట్టాలి," అన్నాను.

అందరూ నవ్వారు. తెవిత కూడా.

అధికారి లేచాడు.

"సెలవు అడక్కుండా ఎలా పోతావయ్యా?" అంటూ పెద్దాయన ఇంకో చిప్ప ఇప్పించాడు. సెలవు అడగడమూ తంతే గనుక అధికారి తాగాడు. ఈలోగా ఆటుకు నీళ్లు వెనక్కి పోయి, ఆయన పడవ బురదలో కూర్చుంది.

ఆయన తిరిగొచ్చి చాప మీద కూలబడ్డాడు. తెవిత పక్కకు జరిగి చిప్ప అందించాడు.

"మా ఆవిడ సెలవు అడక్కుండానే పోయింది సార్. మీరే నయం, అడిగి కూడా పోలేకపోయారు."

అధికారి మా ఆచారం ప్రకారం ఒక్కసారి చప్పట్లు కొట్టి చిప్ప అందుకున్నాడు.

"ఇది ఏ తంతు బాబూ?" అన్నాను.

ఆయన తెవిత వైపు చూశాడు.

"ఊరికేనమ్మా," అని గటగటా తాగేశాడు.