యాభైసార్ల దాత

యాభైసార్లు రక్తం ఇచ్చినందుకు తమ్ముడికి పతకం ఇచ్చారు. చొక్కాకి పెట్టిన ఆ పతకంతోనే వెళ్లి, అక్కని ఆసుపత్రికి లాక్కొచ్చాడు.

“నేను దాతనీ కాదు, పాడూ కాదక్కా. అది నాకు వైద్యం. ఒంటికి చాలినంత ఇనుము చేరగానే ఎవరి పేగైనా తలుపేస్తుంది. నా పేగుకి గడియే లేదు. తిన్న తిండిలో ఇనుమంతా లాగేసి కాలేయంలో కుక్కుతోంది. రక్తం తీస్తేనే అది తగ్గుతుంది.”

“ఓరి దొంగా! ఎక్కువైంది పారబోసి చప్పట్లు కొట్టించుకున్నావా?”

“నవ్వకు. ఇది తోబుట్టువులకీ ఉండొచ్చట. నీకూ పరీక్ష చేయించాలి.”

వారానికి రిపోర్టు వచ్చింది. అక్క పేగుకీ గడియ లేదు. కాలేయం మాత్రం శుభ్రంగా ఉంది.

తమ్ముడు రిపోర్టు తిప్పి తిప్పి చూశాడు. “నాకంటే పెద్దదానివి. ఒక్కసారీ రక్తం ఇవ్వలేదు. ఎలా తప్పించుకున్నావు?”

వారమైనా అతని చొక్కా వదలని పతకాన్ని అక్క ఊడదీసి తన పైటకి పెట్టుకుంది.

“నెలసరి ఆగి రెండేళ్లే అయిందిరా. అంతకుముందు ముప్పై ఏడేళ్లు నెలనెలా ఇచ్చాను. ఒక్కడైనా చప్పట్లు కొట్టాడా?”