రిపేరు చీటీ

"మళ్ళీ ఏం పాడైందండీ?" సెఫీనా గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది.

"హీట్ పంపమ్మా. వెచ్చగాలి సరిగ్గా రావడం లేదని నా అనుమానం," అంది ఇంటి ఓనరు నోలీన్. డెబ్బై ఆరేళ్ళ మనిషి. మెడదాకా బిగించిన కోటు, ఎర్రబడ్డ ముక్కు, చంకలో ఉబ్బిన గుడ్డసంచి. రెండు వీధుల అవతలినుంచి నడిచొచ్చేసరికి వణికిపోతోంది. ఆమె వెనక పనిముట్ల పెట్టెతో తామతి నిలబడ్డాడు. ఆ హీట్ పంపు బిగించింది అతనే. ముఖం గంటు పెట్టుకునే వచ్చాడు.

ఈ నెలలో ముచ్చటగా ఇది మూడోసారి. ఇల్లు ఎలా ఉందో చూసుకోవాలంటే చట్టప్రకారం ఓనరు నాలుగు వారాలకు ఒక్కసారే రావాలి. రిపేరుకైతే ముందురోజు చీటీ పంపితే చాలు. నోలీన్ ప్రతిసారీ రిపేరు చీటీయే పంపింది. మొదటి రెండుసార్లూ సెఫీనా మాంసం ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంది, ఇంట్లో అత్తగారొక్కరే ఉన్నారు. ఈసారి సెలవు పెట్టి మరీ కాచుక్కూర్చుంది. ఏదో ఒక వంక చూపించి తమను ఖాళీ చేయించడానికే ఈ రాకపోకలని ఆమె భయం. ఈ ఇంట్లోకి వచ్చాకే అత్తగారి దగ్గు తగ్గింది. భూమికి ఈ దక్షిణపు కొసన నడి చలికాలమైన జూలైలో, ఇన్వర్‌కార్గిల్‌లో, ఇంత వెచ్చని ఇల్లు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

"నోలీన్ గారూ, నేను లైసెన్సున్న మనిషిని," అన్నాడు తామతి లోపలికొస్తూ. "నేల కింద చెమ్మ రాకుండా షీటు పరిచినవాడికీ ఉంది, అటక మీద చలి ఆపే దూది పరుపులు వేసినవాడికీ ఉంది. మీ మేనల్లుడు ఊరికే చేస్తానన్నా వద్దని మమ్మల్ని పిలిచింది మీరే. ముగ్గురం సంతకాలు పెట్టాం. ఇప్పుడు నా పని మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదయ్యా. ఒక గంట నడిపించి చూద్దామని."

అంటూనే నోలీన్ వెచ్చగాలి తిన్నగా తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

తామతి డిగ్రీలు కొలిచే మీటరు బల్ల మీద పెట్టాడు. "అద్దె ఇళ్ళకు చట్టం అడిగేది పద్దెనిమిది డిగ్రీలు. ఇక్కడ ఇరవై రెండు. ఇక నేను వెళ్ళొచ్చా?"

"మధ్యలో తగ్గిపోతుందేమో. ఇంకో అరగంట చూడు," అంది నోలీన్ మఫ్లరు తీసేస్తూ. కాసేపటికి కోటు బొత్తాలు కూడా విప్పింది.

సెఫీనాకు ఓపిక నశించింది. "ఎందుకండీ ఈ ముసుగులో గుద్దులాట? ఆ సంచిలో ఉన్నది ఖాళీ చెయ్యమనే నోటీసేగా? ఇచ్చెయ్యండి. రోజూ భయపడి చావలేకపోతున్నాను."

నోలీన్ సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఆమె ముఖం ముక్కుకన్నా ఎర్రబడింది.

అప్పుడు వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. చేతిలో బట్టలారేసే స్టాండు. దాన్ని తీరిగ్గా హీట్ పంపు ఎదురుగా విప్పి నిలబెట్టి, చెయ్యి చాపారు.

"ఇటివ్వు నోలీన్. ఈ వారం దుప్పటి కూడా తెచ్చావా?"

సంచిలోంచి తడి మేజోళ్ళు నాలుగు జతలు, రాత్రిపూట వేసుకునే మందపాటి గౌను, దిండు గలీబు, ఆఖరున దుప్పటి బయటికొచ్చాయి. సెఫీనా నోరు తెరుచుకుని చూసింది.

"అత్తయ్యా, మీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది మహాతల్లి. బట్టలారేదాకా కూర్చుంటుంది, అన్నానికి లెమ్మంటే మాత్రం మొహమాటపడి పారిపోతుంది."

సెఫీనాకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళ భయమూ ఒక్కసారిగా దిగిపోయింది. "ఇవాళెలా పారిపోతారో నేనూ చూస్తాను," అని బల్ల మీద నాలుగు కంచాలు పెట్టింది. అత్తగారు మాంసం, సేమ్యా కలిపి వండిన సాపసూయి గిన్నె తెచ్చి, అందరికీ కొసరి కొసరి వడ్డించారు. తామతి కూడా కోపం మరిచిపోయి రెండోసారి పెట్టించుకున్నాడు. తింటూ తింటూ స్టాండు మీద మేజోళ్ళకేసి చూసి తల గోక్కున్నాడు.

"ఎందుకండీ మీకీ తిప్పలు? వచ్చే మంగళవారం వచ్చి మీ ఇంటికీ ఒకటి బిగించి వెళ్తాను."

నోలీన్ అతన్ని వింతగా చూసింది.

"ఆ ఇంటికెందుకయ్యా హీట్ పంపు? అందులో అద్దెకెవరూ లేరుగా, ఉండేది నేనేగా."