జీడినూనె పలక

అమ్మవారి పటం ముందున్న రెండు పలకలకూ దారంతో కట్టిన పేర్ల చీటీలు విప్పి, దేవకుమార్ దీనిది దానికీ దానిది దీనికీ కట్టేశాడు. పరవాడ ల్యాబ్‌కి అప్పటికింకా ఎవరూ రాలేదు.

రెండూ జీడిపిక్కల తొక్కల నూనెతో చేసిన ప్లాస్టిక్ పలకలే. ఒకే అచ్చు, ఒకే నలుపు. ఒకటి తనది, ఇంకొకటి తోటి ఉద్యోగి కొండలరావుది. కలిపిన పాళ్లు మాత్రం ఎవరివి వాళ్లవి. 2003లో ఆ ల్యాబ్‌కి ఆ పని ఇంకా కొత్త. మంటకి ఎవరి పలక నిలిస్తే, స్టీల్‌ప్లాంటు క్రేన్లకి స్విచ్ పెట్టెలు చేసే కొత్త యూనిట్‌కి వాళ్లే పెద్ద.

తనది నిలుస్తుందన్న నమ్మకం దేవకుమార్‌కి లేదు. కొండలరావు ఎప్పుడు ఓడాడు గనక? ల్యాబ్ హెడ్ భ్రమరాంబ మేడం అతన్ని “మన కొండలరావు” అంటుంది, తనని “దేవకుమార్ గారూ” అంటుంది. ఇంట్లో భార్య కేథరిన్ సైతం “ఆయన్ని చూసైనా నేర్చుకోండి” అంటుంది. పరీక్షకి ముందురోజు నమూనాలు పటం ముందు పెట్టడం ఆ ల్యాబ్ ఆనవాయితీ. నిన్న అందరూ బస్సెక్కినా, అగరొత్తులు వెలిగించి వస్తానని కొండలరావు ఉండిపోయాడు. అమ్మవారిని కూడా కాకా పడతాడు వీడు, అని దేవకుమార్‌కి అప్పుడే ఒళ్లు మండింది.

పదింటికి మేడం బర్నర్ అంటించింది. కొండలరావు పేరున్న పలక భగ్గుమని చివరిదాకా కాలింది. దేవకుమార్ పేరున్నది కాస్త పొక్కి, మంట తీయగానే ఆరిపోయింది.

“మన దేవకుమార్,” అని మేడం పరీక్ష చూడ్డానికి వచ్చిన స్టీల్‌ప్లాంటు ఇంజనీరుకి చూపించింది.

ఆ మాట కోసం అతను మూడేళ్లు ఏడ్చాడు. తీరా విన్నాక తల వంచుకుని బర్నర్ గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు.

కొండలరావు అతన్ని వరండాలోకి లాక్కుపోయాడు. మొహం పీక్కుపోయి ఉంది.

“బావా, ఆరిపోయిన పలక నాది.”

దేవకుమార్ చుట్టూ చూశాడు. “నీకెవరు సెప్పినారు?”

“ఒకలు సెప్పీదేటి? ఈసారి దేవకుమార్‌దే నిలస్తాదని మొన్న మేడం ఫోన్లో అంటంటే విన్నాను. కడుపు మండిపోనాది బావా. నిన్న అగరొత్తులు ఎట్టినప్పుడు సీటీలు నానే మార్సీసినాను. నీకు తవ్విన గోతిలో నానే పడ్డాను. మేడం కాడ తప్పొప్పుకుని, నా పలక నాకిమ్మని అడగతాను.”

“ఆగు,” అన్నాడు దేవకుమార్. చెయ్యి పట్టుకోబోయాడు.

కొండలరావు మేడం గదిలోకి వెళ్లిపోయాడు.

అప్పటికే మారిన చీటీలని మళ్లీ మార్చి, పొద్దున దేవకుమార్ తన పేరు కట్టుకున్నది తన పలకకే.