గంప కింద పిండి

పాప పడుకునే గదిలో అలివేలమ్మ బియ్యప్పిండి పల్చగా పరిచి, చేత్తో చదును చేసింది. దాని మీద పూలగంప బోర్లించాలి. తెల్లారి గంప ఎత్తినప్పుడు పిండి మీద ఏ గుర్తు కనిపిస్తే, పోయినవాళ్ళు ఆ జన్మ ఎత్తినట్టు. చిన్నబిడ్డలకు ఇవన్నీ చెయ్యరని తళి ఊరి పెద్దలు చెప్పారు. కోడలు ప్రేమ వినలేదు. డెంగీ జ్వరంతో కూతురు రక్షిత పోయినప్పటి నుంచి పెదవి విప్పని మనిషి, అడక్క అడక్క అడిగింది ఇదొక్కటే.

"పాప యాడికి పోయిందో తెలిస్తే చాలత్తా," అంది.

ఏ గుర్తూ పడకపోతే? అలివేలమ్మ భయమంతా అదే. తిండి మానేసి పుల్లలా అయిపోయిన పిల్ల, ఖాళీ పిండి చూసి తట్టుకుంటుందా?

అసలు ఈ పాపమంతా తనదేనని ముసలామెకు తెలుసు. హోసూరు ఆస్పత్రికి పోదామని ప్రేమ మొత్తుకుంటుంటే, కషాయంతో దిగే జ్వరానికి ఆస్పత్రి ఎందుకని ఒక రోజంతా ఆపింది తనే. కోడలు ఆ మాట ఇంతవరకూ ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. అలివేలమ్మకు సంకటి ముద్ద గొంతు దిగడం లేదు. అది ఎవరూ గమనించడం లేదనే అనుకుంటోంది.

పెరట్లోకి నడిచింది. కరివేపాకు చెట్టు ఆకులన్నీ పురుగులు కొరికినవే. ఒకసారి ఆ పురుగుల్ని చెప్పుతో నలుపుతుంటే రక్షిత అడ్డం పడి ఏడ్చింది. ఆకు మీద కాకిరెట్టలా ఉన్నదాన్ని చూపించి, పిట్టలు తినకుండా పురుగే ఆ వేషం వేస్తుందని చెప్పింది. గుడ్డులోంచి వచ్చిన పురుగు తిని తిని, చర్మం విడిచి విడిచి, పచ్చగా లావెక్కుతుందట. చివరికి నడుముకు దారం చుట్టుకుని కొమ్మకు అతుక్కుపోయి గూడైపోతుందట. బళ్ళో నేర్చుకున్నదంతా అవ్వకూ అమ్మకూ పూసగుచ్చినట్టు చెప్పింది.

"అది సచ్చిపోలేదవ్వా. లోపల మారతా ఉండాది. గూడు నల్లబడి రెక్కలు కనిపించినాయంటే, తెల్లారికి బయటికొచ్చేస్తాది."

ఇప్పుడు అక్కడక్కడా గూళ్ళు నల్లబడి ఉన్నాయి. అలివేలమ్మ ఒక కొమ్మ తుంచి కొంగులో దాచి తెచ్చింది. గంప లోపలి అల్లికలో దాన్ని దోపి, పిండి మీద బోర్లించింది. చేసిన పాపం చాలదన్నట్టు దేవుడి పనిలో ఈ మోసం కూడానా అని లెంపలేసుకుంది.

ప్రేమ వసారాలో కూర్చుని ఉంది. పెరట్లో కోసుకొచ్చిన చామంతులు ఒళ్ళో పోసుకుని, పాప పటానికి అరటినారతో మాల కడుతోంది. గదిలో దీపం పెట్టి రమ్మంటే ఒళ్ళోని పూలతోనే లేచి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. గంప ఎత్తి చూసిందేమోనని అలివేలమ్మ గది వైపే చూస్తూ కూర్చుంది. చివరికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

తెల్లారగానే ఇద్దరూ గదిలోకి వెళ్ళారు.

"నువ్వే ఎత్తు అత్తా," అంది ప్రేమ. గంప వైపు చూడకుండా అత్త మొహం వైపే చూస్తోంది. చూడ్డానికి భయపడుతోంది పాపం అనుకుంది అలివేలమ్మ.

గంప ఎత్తింది. పిండి మీద సన్నని కాళ్ళ గీతలు. వాటి చివర ఒక సీతాకోకచిలుక, తడి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"మన పాపమ్మా..." అనబోయింది అలివేలమ్మ. ఆడే అబద్ధమే గొంతుకు అడ్డం పడి భోరుమంది. ఓదార్చాల్సిన మనిషే అక్కడ కూలబడిపోయింది.

ప్రేమ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. "చూసినావా అత్తా, పాప నీకాడికే వచ్చింది. దానికి నీమింద కోపం లేదు. ఇంకనన్నా కూడు తిను."

అలివేలమ్మ కళ్ళు తుడుచుకుని, గంపను పక్కన పెట్టబోయి ఆగింది. లోపల ఇంకో సీతాకోకచిలుక వేలాడుతోంది. తను దోపిన కొమ్మ దోపినచోటే ఉంది. దానికి ఎదురుగా మరో కరివేపాకు కొమ్మ ఉంది.

దాన్ని అరటినారతో కట్టారు.