లచ్చవ్వ పేరు దాటిన రాత్రి

తరిగొప్పుల మిర్చి వ్యాపారి మహీధర్ లెక్క తప్పేవాడు కాదు. అప్పట్లో ఆస్తిలో వాటా అడిగిందని అతని తాత నర్సయ్య సొంత చెల్లెలు లచ్చవ్వను బావిలోకి తోసేశాడు. ఇప్పుడు ఆమె మనవరాలు సంధ్య వచ్చి, ఆ బావి కాడి పొలంలో వాటా కావాలంటోంది. ఊరి పెద్దలు వంశాలు చెప్పే సాయిలు మాటే నమ్ముతారు. లచ్చవ్వ పేరు చెప్పకుండా దాటేయమని మహీధర్ అతన్ని ముందే ఒప్పించాడు.

చీకటి పడ్డాక మహీధర్ వాకిట్లో, పెద్దల ముందు సాయిలు వంశం ఎత్తుకున్నాడు. పేరు పేరుకూ సంధ్య ఊ కొడుతోంది.

“వీరయ్య.”

“ఊ.”

“వీరయ్య సంతానం నర్సయ్య ఒక్కడే.”

సంధ్య నోరు మెదపలేదు. అయినా బావి వైపు నుంచి తడి గొంతు పలికింది. “ఊ.”

“ఏందమ్మా, గొంతు మార్చి బెదిరిస్తున్నవా?” మహీధర్ నవ్వాడు.

“నేను అనలేదన్నా. మా అవ్వ పేరేది?”

సాయిలు బావి వైపు చూశాడు. కానీ ఎత్తుకున్న వంశాన్ని నడుమ ఆపకూడదు.

“నర్సయ్య కొడుకు జైపాల్.”

“ఊ.” ఈసారి ఇంట్లోంచి.

లోపల మంచం మీంచి ఇందాకటి దాకా వినిపిస్తున్న జైపాల్ దగ్గు టక్కున తెగిపోయింది.

“బాపూ!” మహీధర్ పిలిచాడు. లోపలికి ఉరికి చూస్తే జైపాల్ ఊపిరి ఆగిపోయింది. తిరిగొచ్చి సాయిలు చేతులు పట్టుకున్నాడు. “నా పేరు చెప్పకు తాతా! లచ్చవ్వ పేరు చెప్పు, పొలం ఇచ్చేస్త!”

“దాటిన పేరుకు మళ్ల ఎనకకు పోరాదు, పటేలా.”

సాయిలు ఏడుస్తూనే నోరు తెరిచాడు. “జైపాల్ కొడుకు...”

మహీధర్ చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.