చెంప కొలత

"ఈ తుపాకీ మీది కాదు తాతగారూ," అన్నాడు మ్యూజియం ఆఫీసరు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

టీ పళ్లెంతో వస్తున్న కొత్తకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాది కాకపోతే మీ తాతదా?" అన్నాడు తాతయ్య.

అది మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ దాని కబుర్లంటే ఆమెకు ప్రాణం. చేలో పడ్డ అడవిపంది ఎటు తిరిగిందో, పొగలో ఎలా కూలిందో తాతయ్య చెబుతుంటే మొగుడు ఆవులించేవాడు, ఆమె ఊ కొట్టేది. గొట్టం మీద నీటి అలల్లా మెరిసే ఇనుప చారల్ని వేలితో తడిమి మురిసిపోయేది. దాన్ని చేసిన కమ్మరి పేరు పక్కన తన పేరు మ్యూజియంలో చూసుకోవాలన్నదే తాతయ్యకు మిగిలిన కోరిక.

ఆఫీసరు నెమ్మదిగానే చెప్పాడు. ఆ కమ్మరి మనిషి చెయ్యీ చెంపా కొలవనిదే తుపాకీ వెనక కొయ్య చెక్కేవాడు కాదట. దీనికి మందు అంటించే సుత్తి ఎడమవైపుంది. చెంప ఆన్చే చోటు కుడివైపుంది. ఇది ఎడమచేతివాటం మనిషి కోసం చేసింది. ఆ మనిషెవరో తేలేదాకా ఎవరి పేరూ రాయడం కుదరదన్నాడు.

తాతయ్య విసురుగా తుపాకీ తీసి కుడిభుజానికి ఆన్చాడు. సుత్తి వచ్చి సరిగ్గా ఆయన ముక్కు పక్కన నిలబడింది.

"ఇలా పేల్చి ఉంటే మీ కన్ను దక్కేది కాదు," అన్నాడు ఆఫీసరు.

తాతయ్య తుపాకీ దించి నేలచూపులు చూశాడు. అన్నీ కోతలేనా అని కొత్తకోడలి మనసు చివుక్కుమంది. ఉండబట్టలేక, చిన్నప్పుడు తాతయ్యది ఎడమచేతివాటమేనేమో, తర్వాత మారిందేమో అంది. మొగుడు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

అప్పటిదాకా గోడవారన కూర్చుని వింటున్న నాయనమ్మ లేచింది. తాతయ్య చేతిలోంచి తుపాకీ తీసుకుని, ఎడమభుజానికి ఆన్చి, చెంప వాల్చింది. కొయ్య ఆమె ముఖానికి అతికినట్టు సరిపోయింది.

"కథలన్నీ నిజమే బాబూ," అంది గురి చూస్తూనే. "మందు కూరి నా చేతికిచ్చి, ఈయన చెట్టెక్కేవారు."